నడిమి పొర

మానిన గాయం ఇంకా గాయమేనా అని వీరభద్రుడు ఒకనాడు గురువు చిదంబరయ్యగారిని అడిగాడు.

వీరభద్రుడు తుంగభద్ర ఒడ్డున ఆయన మఠంలో చదువుకుంటూ మఠం పొలం దున్నేవాడు. వచ్చిన కొత్తలో అతనికి కోపం జాస్తి. నల్ల ఎద్దును ముల్లుకర్రతో పొడిచి పొడిచి తోలేవాడు. రెండేళ్లకు కోపం తగ్గింది, కర్ర పారేశాడు. ఎద్దు పుండ్లు మాని, వాటి మీద వెంట్రుకలు కూడా మొలిచాయి. ఆ తరువాత ఎనిమిదేళ్లు ఇద్దరూ సఖ్యంగానే పనిచేశారు. ఆ ఎద్దు ముసలిదై చనిపోయిన మర్నాడు అడిగిన ప్రశ్న అది.

గురువు, నీళ్లు తోడే తోలు బొక్కెన చిరిగిపోయిందనీ, తోళ్లు పదునుచేసే మాతయ్య దగ్గరికి ఎద్దు తోలు చేరిందనీ, బొక్కెన తయారయ్యేదాకా అక్కడే ఉండి సాయం చేయమనీ పంపారు.

వీరభద్రుడు నెలకు పైగా అక్కడే ఉన్నాడు. సున్నపు నీళ్లలో నానేసరికి తోలు మీది పల్చటి పొర వెంట్రుకలతో సహా ఊడివచ్చింది. అడుగున అంటుకున్న కొవ్వును మాతయ్య కత్తితో గీకేశాడు. మిగిలింది నడిమి పొర. ఎద్దుకు బలమిచ్చేదీ, ఈగ వాలినా దానికి తెలియజేసేదీ ఈ పొరేనని చెప్పాడు. దాన్ని తంగేడు చెక్క నీళ్లలో ఊరవేసి, ఆరబెట్టి, చివరికి ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు.

ఎడమ తొడ మీద సూదిమొనల్లా వెలుతురు కనిపించింది. ఒకటి రెండు కాదు, జల్లెడలా ఉంది.

"ఎవరో గానీ సామీ, ఎడమ పక్క నుంచి తోలినారు. మోటు చెయ్యి," అన్నాడు మాతయ్య.

వీరభద్రుడు ఆ వెలుతురు చుక్కలను వేలితో తడిమాడు. తరువాత, ఆ చెయ్యి తనదేనన్నాడు. మాతయ్య, ఆ ముక్క నీళ్లు ఆపదని మాత్రం చెప్పి, బొక్కెనకు కుడి పక్క తోలు కోశాడు.

మఠానికి తిరిగివచ్చి, బొక్కెన గురువు ముందు పెట్టి, ఆ మచ్చలకు ప్రాయశ్చిత్తం ఏమిటని వీరభద్రుడు అడిగాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

గురువు పశువుల పాక వైపు చూశారు.

"పొద్దున కొత్త గిత్తను తెచ్చి కట్టేశారు. వెళ్లి చూడు. దాని తోలు ఇంకా దాని ఒంటిమీదే ఉంది."