అసిరమ్మ మజ్జిగ

అనగనగా ఒక ఊరు. పేరు మీకెందుకు, ఇంటింటా కోళ్ళున్న ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒక ముసలమ్మ. నా అన్నవాళ్ళు లేరు, ఉన్నవల్లా పన్నెండు కోళ్ళు. ఒక ఎండాకాలం కొక్కెర తెగులొచ్చి పన్నెండూ మెడలు వాల్చేశాయి. మూడు రోజులు ఏడ్చింది అసిరమ్మ. ఇంకే ఇంట్లోనూ ఈ ఏడుపు వినపడకూడదనుకుని పట్నం నడిచింది.

పశువుల డాక్టరు చిన్న సీసా ఇచ్చాడు. "పిల్లలుగా ఉన్నప్పుడే కంట్లో ఒక్క చుక్క వెయ్యి. తెగులొచ్చాక వేస్తే దండగ. సీసా చల్లగా ఉండాలి సుమా!"

ఈ మాట ఊరంతా చెప్పింది. ఊరంతా నవ్వింది.

"రోగం లేని పిల్లకి మందేటి, అత్తా? లేనిదాన్ని పిలిచి పీటేస్తావా?"

ఇక లాభం లేదని అసిరమ్మ సీసాని మజ్జిగ ముంతలో ముంచింది. చల్లదనానికి చల్లదనం, చాటుకి చాటు.

మొదటి ఇంటికెళ్ళి, "అమ్మీ, కూసింత మజ్జిగ పొయ్యవే" అంది. ఇల్లాలు లోపలికెళ్ళగానే కోడిపిల్లల మీద బోర్లించిన గంప ఎత్తింది. ఏ పిల్లకి వేసిందో గుర్తుండాలని కొంగున పసుపు కూడా కట్టుకొచ్చింది. కంట్లో చుక్క, నెత్తిన పసుపు. రెండో ఇంట్లోనూ అంతే. "అమ్మీ, కూసింత మజ్జిగ పొయ్యవే." కంట్లో చుక్క, నెత్తిన పసుపు.

మూడో ఇల్లు మునసబు గౌరునాయుడిది. అక్కడ ఒక్క పిల్లకి వేసిందో లేదో, తల్లికోడి ఎగిరి ఆవిడ కొప్పు మీదెక్కింది. మునసబు పెళ్ళాం పరుగున వచ్చి ముంతలోకి చూసింది.

"ముంత నిండా మజ్జిగే ఉంటే ఇంకా మజ్జిగేటి? కోడిపిల్లల దొంగ!"

పంచాయితీ పెట్టారు. "ఎన్ని పిల్లలు పోయాయి?" అన్నాడు మునసబు. గంప కింద పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆ ఊళ్ళో ఎవరూ లెక్కపెట్టరు. లెక్క లేకుండా దొంగతనం ఎలా తేలుతుంది? మునసబు తల గోక్కుని, గోక్కుని, తీర్పు చెప్పాడు.

"ఇకమీదట దీనికెవరూ మజ్జిగ పొయ్యకండి!"

నెల తిరక్కుండా తెగులు రానే వచ్చింది. ఊళ్ళో గంపలన్నీ ఖాళీ అయ్యాయి. రెండిళ్ళలో మాత్రం పసుపు నెత్తుల పిల్లలు గింజలు ఏరుకుంటున్నాయి. మునసబు ఇంట్లో మిగిలింది ఒకే ఒక్కటి. దాని నెత్తినా పసుపే.

ఆ పిల్లని చంకన పెట్టుకుని, చేత్తో ముంత పట్టుకుని మునసబు అసిరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఏనాడూ "ఏమే" అని తప్ప పిలవనివాడు.

"అత్తా, మజ్జిగ తెచ్చాను."

"మజ్జిగ సరే నాయుడూ, మిగతా పిల్లలేవీ?" అంది అసిరమ్మ. ఆవిడకీ ఏడుపొచ్చింది, అతనికీ వచ్చింది.

మళ్ళీ కోళ్ళు పొదిగినప్పుడు ఊళ్ళో గంపలన్నీ ఆవిడ కోసం వాటంతటవే లేచాయి. బతికినంత కాలం అసిరమ్మ చుక్కలు వేస్తూనే ఉండి, ఒకనాడు వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో టీకా వెయ్యడానికి ఎంత పెద్ద డాక్టరొచ్చినా, గుమ్మంలో ముందు "అమ్మీ, కూసింత మజ్జిగ పొయ్యవే" అనాలి. అనకపోతే గంప ఎత్తనివ్వరు. పోసింది తాగాలి కూడా. మూడిళ్ళయ్యేసరికి డాక్టరు నడవలేడు.

ఎన్ని పిల్లలకి వేశారని మాత్రం అడక్కండి. అది ఇప్పటికీ ఎవరూ లెక్కపెట్టరు.