సోలమ్మ మూడో పిలుపు

అనగనగా గోదావరి నడుమ ఒక లంక. ఎప్పటి మాట అంటారా, చెప్పేవాడికి లెక్కలు రావు. వచ్చుంటే కథలెందుకు చెప్పుకుంటాడు? మన తాతల తాతలకి పాలపళ్లు రాని కాలమనుకోండి.

ఆ లంక రేవులో సోలమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఇల్లు లేదు, వాకిలి లేదు, నా అన్నవాళ్లు లేరు. ఉన్నదల్లా గొంతు. చలికాలం పొద్దున ఏటి మీద మంచు దిగితే పడవవాడికి తన తెడ్డే కనపడదు. అప్పుడు సోలమ్మ రేవులో నిలబడి కేకేసేది. ఆ కేక పట్టుకుని పడవలు ఒడ్డుకొచ్చేవి.

ఏమని కేక? తన పేరే. మూడుసార్లు. ఏట్లో దెయ్యాలూ పిలుస్తాయి మరి. ఏ దెయ్యానికైనా రెండు పిలుపులే, మూడోది రాదు. అందుకని మూడోది వినపడేదాకా ఏ పడవవాడూ పడవ ముక్కు ఒడ్డుకి తిప్పడు.

"సోలమ్మా" అని ఒకటి. "సోలమ్మా" అని రెండు. మూడోది "సో…" అని ఎత్తుకుంటే, ఊపిరున్నంతసేపూ సాగి, అప్పుడు "లమ్మా" అని దిగేది.

పడవ నడిపే గంటయ్యకి ఆ పేరంటే నవ్వు.

"అదేం పేరే అత్తా? లోకంలో ఇంకెవరికైనా ఉందా?"

"ఎలా ఉంటాదిరా? ముందు పుట్టినోళ్లు ఇద్దరూ పోయారని, నేనైనా దక్కాలని, నన్ను మా అమ్మ సోలెడు తవుడికి అమ్మి మళ్లీ కొనుక్కుంది. నయం, ఇంట్లో సోలెడే ఉంది. కుంచెడుంటే కుంచమ్మనైపోదును."

"మా అమ్మాయి బంగారికి ఆడపిల్ల పుడితే నీ పేరు మాత్రం పెట్టనే!"

"పెట్టకురా. ఉన్న ఒక్క పేరూ అరిచి అరిచి అరగదీశాను."

ఆ ఏడు పుష్యమాసంలో గంటయ్య తన కూతురు బంగారిని పురిటికి తీసుకొస్తున్నాడు. నడి ఏట్లో మంచు దిగింది. మంచుతోపాటే నొప్పులూ వచ్చాయి. లంక దాటి దిగువకి పోతే సుడి. అందులోకి పోయిన పడవ తిరిగొచ్చింది లేదు.

"అయ్యా, ఇంక నావల్ల కాదు."

"ఓర్చుకో తల్లీ. అత్త పిలుస్తుంది."

పిలిచింది. "సోలమ్మా."

మళ్లీ పిలిచింది. "సోలమ్మా." గొంతు జీరపోయి ఉంది.

గంటయ్య తెడ్డు పైకెత్తి ఆగాడు. మూడోది రాలేదు.

"తిప్పవేం అయ్యా?"

"రెండే అయ్యాయమ్మా."

"అది అత్త గొంతే!"

"దెయ్యానికి అత్త గొంతు అరువు తెచ్చుకోవడం ఎంతసేపు?"

సుడి హోరు దగ్గరవుతోంది. తిప్పితే దెయ్యం, తిప్పకపోతే సుడి, మధ్యన కూతురు.

అప్పుడొచ్చింది.

"సో…"

ఆగలేదు. నీళ్ల మీద పరుచుకుంది, మంచులో నిండింది, పడవ చెక్కల్లో మోగింది. గంటయ్య ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నాడో, అది ఒక్కసారీ తీసుకోలేదు. ముక్కు తిప్పాడు. తెడ్డు వేశాడు, వేశాడు, వేశాడు. పడవ ముక్కు ఇసుకలో దిగాకే "లమ్మా" అని అదీ దిగింది.

"ఎంత గొంతెత్తావే అత్తా!" అంటూ దూకాడు.

సోలమ్మ ఇసుకలో పడుకుని ఉంది. రోజూ ఆమెకి జావ తెచ్చిపెట్టే వీరాయి పక్కన కూర్చుని ఏడుస్తోంది.

"ఏ గొంతురా? రెండో పిలుపు నా ఒళ్లో పడుకునే పిలిచింది. దాంతోనే పోయింది. కళ్లు నేనే మూశాను. నువ్వెలా వచ్చావు?"

"మూడోది…" అన్నాడు గంటయ్య.

పడవలోంచి బంగారి అంది: "నేనూ విన్నాను."

మంచు విడకముందే ఆ పడవలోనే ఆడపిల్ల పుట్టింది. గంటయ్య ఏట్లో మునిగి, తడిబట్టలతో వచ్చి, పిల్ల చెవిలో ఆ పేరే పిలిచాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

అప్పట్నుంచి ఆ లంకలో ఇంటికో సోలమ్మ. కొన్ని ఇళ్లలో పెద్ద సోలమ్మ, చిన్న సోలమ్మ. మగపిల్లలైతే సోలయ్యలు. ఏరు దాటి కొత్తగా వచ్చిన బడిపంతులు పొట్టిగా "సోలమ్మ" అంటే ఒక్కతీ పలకదు. ముందు ఆయన్ని కూర్చోబెట్టి, బాగా ఊపిరి పీల్చుకోమంటారు.

ఇప్పటికీ మంచు దిగిన పొద్దున సోలమ్మలంతా రేవుకొస్తారు, చంటిదాని నుంచి ముసలిదాని దాకా. మొదటి రెండు పిలుపులూ ఎవరికి వాళ్లే. మూడోది మాత్రం అందరూ కలిసి ఎత్తుకుంటారు. ఒకతెకి ఊపిరి తెగితే పక్కది అందుకుంటుంది. పడవ ఒడ్డు తాకేదాకా దాన్ని తెగనివ్వరు.