ఒక్కపాలి చెబితే చాలు

తెలివైన వాళ్ళని చూడాలని మీకెప్పుడైనా సరదా పుడితే నా జీపెక్కండి. ఘాటీ రోడ్డు చివర దింపి ఒక ఇల్లు చూపిస్తాను. ఆ ఇంటికి తలుపు లేదు. ఎందుకు లేదో చెప్తాను గానీ, మధ్యలో నవ్వి పొలమారితే నన్ను తిట్టకండి.

గవిరయ్యనీ, అతని పెళ్ళాం సన్యాసమ్మనీ, బావమరిది జోగుల్నీ కొండెక్కించింది నేనే. కింద రోడ్డు వెడల్పు చేస్తామని వాళ్ళ ఇల్లు పడగొట్టేశారు. తల దాచుకోడానికి చోటు లేదు. ఎప్పుడో గవిరయ్య తాత ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని కొండెక్కి, చింతపండు మూటతో దిగేవాడట. ఆ పాత స్నేహం ఒక్కటే పట్టుకుని బయల్దేరారు పాపం.

పాపం అన్నానని జాలి పడకండి. దారి పొడుగునా ఒకటే గొప్పలు.

"మా ఇంట్లో వాళ్ళకి ఏదైనా ఒక్కపాలి చెబితే చాలు డ్రైవరు బాబూ. రెండోపాలి చెప్పించుకున్నవాడు మా వంశంలోనే లేడు" అన్నాడు గవిరయ్య.

"మా బావ అబద్ధం చెప్పడు" అన్నాడు జోగులు. పాతికేళ్ళవాడు, ఇంత మీసం కూడానూ.

"సరే గానీ, మలుపొస్తోంది, గట్టిగా పట్టుకోండి" అన్నాను. అంతే! ముగ్గురూ కలిసి నన్ను పట్టేసుకున్నారు. ఒకరు మెడ, ఒకరు నడుం, ఒకరు జుట్టు. జీపు లోయ అంచు దాకా వెళ్ళి వచ్చింది. ఊరు చేరాక కూడా వదల్లేదు. "వదలమని చెప్పలేదు కదా" అంది సన్యాసమ్మ.

ఊరిపెద్ద పేరు లైకోన్. మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "మా నాన్నా మీ తాతా ఒక కంచంలో తిన్నవాళ్ళు, కాదన్ను. ఆ చివర ఖాళీ ఇల్లుంది, ఉండండి. కానీ మామిడి కొత్తల పండగ దాకానే. ఆ రోజు ఊరంతా కూచుని, మీరు మాలో కలిసేవాళ్ళో కాదో తేలుస్తాం. కాదంటే జీపెక్కడమే" అన్నాడు.

కొత్తల పండగంటే మరేం లేదు. ఆ ఏడు కాసిన మామిడికాయ ముందు అమ్మవారికి పెట్టి, తర్వాత ఊరంతా ఒక్కసారే తింటారు. అంతకు ముందు ఎవరూ పంటికి తగలనివ్వకూడదు. అది వాళ్ళ కట్టు.

అప్పటికింకా చలి పోలేదు. పక్కింటి ముసలమ్మ బుద్రి మంచి మనసుతో వచ్చి, "అమ్మీ, ఇది కొండ. పొయ్యిలో నిప్పు ఆరనీకండి" అని చెప్పి పోయింది.

ఇంకేముంది. పుల్లలు రెండు రోజుల్లో అయిపోయాయి. నిప్పు ఆరకూడదు కదా! మంచం పెట్టారు. రోకలి పెట్టారు. అటక పెట్టారు. నాలుగోనాడు తలుపు ఊడదీసి పెట్టారు.

"ఓలమ్మో, తలుపు కాల్చేసుకున్నారేటి!" అని బుద్రి గుండెలు బాదుకుంది. "గుమ్మం ఖాళీగా ఉంటే పందులు దూరిపోవా? ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడండి."

అంతే, గవిరయ్య వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. సన్యాసమ్మ ఊట దగ్గర్నుంచి నీళ్ళ బిందెతో వచ్చి, మొగుడి ఛాతీ మీద టకటకా కొట్టింది.

"ఎవరు?" అన్నాడు గవిరయ్య.

"నేనేనయ్యా, నీ పెళ్ళాన్ని."

"ఉండు, గడియ తీస్తాను" అని పక్కకి తిరిగి, ఆవిడ లోపలికి వెళ్ళాక మళ్ళీ మూసుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. కిర్రుమని చప్పుడు కూడా నోటితో చేశాడు.

ఎండలు ముదిరాయి. లైకోన్ తన కాఫీ తోటలో కొత్తగా నాటిన రెండొందల మొక్కలు చూపించి, "వీటికి ఎండ తగలనీకండి, మాడిపోతాయి" అన్నాడు. కొమ్మలు నరికి నీడ వేస్తారని అతని ఆశ. సన్యాసమ్మకి ఒక గొడుగుంది. అది ఒక మొక్కకి పట్టింది. మరి మిగతా నూట తొంభై తొమ్మిది? అక్కాతమ్ముళ్ళు ఊళ్ళో తీగల మీద ఆరేసిన బట్టలన్నీ ఊడ్చుకొచ్చారు. మొక్కకో చీర, మొక్కకో లుంగీ, మొక్కకో దుప్పటి. లైకోన్ పండగకని ఉతికి దాచుకున్న పట్టంచు పంచె కూడా ఒక మొక్క కట్టుకుంది.

కొండలు చూడ్డానికి వచ్చే కార్లన్నీ ఆగిపోయాయి. చొక్కాలు తొడుక్కున్న కాఫీ మొక్కలు ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? ఫోన్లు తీసి ఒకటే ఫొటోలు. బుద్రి మనవరాలు వెదురు బొంగులో కోడి కాల్చి అమ్మింది, చిటికెలో అయిపోయింది. అదొక్కటే మంచి జరిగింది. కార్లలో వచ్చినవాళ్ళు ఊరి మామిడిచెట్టు మీద రాళ్ళు విసరడం మొదలెట్టారు మరి.

లైకోన్ పళ్ళు నూరుకుంటూ జోగుల్ని చెట్టు కిందకి లాక్కొచ్చాడు. "చెట్టు మీంచి కళ్ళు తియ్యకు! పండగ దాకా ఇక్కడే కాపలా ఉండు. కాయ రాలినా సరే, చేత్తో ముట్టకు. పంటితో కొరక్కు. తెలిసిందా?"

"ఒక్కపాలి చెబితే చాలు" అన్నాడు జోగులు. నిలబడి చూస్తే మెడ నొప్పని వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని చూస్తూ ఉన్నాడు.

పండగ రేపనగా, నిమ్మకాయంత కొండమామిడి కాయ ఒకటి తొడిమ ఊడి, సూటిగా వచ్చి జోగులు నోట్లో పడింది.

ఇంకేముంది! తీసేద్దామంటే చేత్తో ముట్టకూడదు. మింగేద్దామంటే కొరక్కూడదు. ఉమ్మేద్దామంటే, బిగిసి కూచుంది. జోగులు అలాగే ఉండిపోయాడు. పులుపుకి కళ్ళంట నీళ్ళు, పక్కనుంచి చొంగ. సన్యాసమ్మ అన్నం తెచ్చి చూసి, "ఒరే, దారి మూసుకుపోయింది కదరా, అన్నం ఎటు పెట్టను?" అంది. "ఊ ఊ" అన్నాడు. "సరే, నీ ఇష్టం" అని ఆవిడే తినేసింది.

పండగనాడు ఊరంతా చెట్టు కింద కూచుంది. లైకోన్ ముందు రోజే నాకు కబురు పెట్టాడు, జీపు తెచ్చి ఉంచమని. నాకు మాత్రం మనసొప్పలేదు. వెర్రివాళ్ళే గానీ, ఎవరికీ కీడు తలపెట్టినవాళ్ళు కాదు. కిందకి దింపితే ఎక్కడికి పోతారు?

"తలుపు కాల్చారు. అటక కాల్చారు. నా పంచె మొక్కకి కట్టారు" అని లైకోన్ మొదలెట్టాడో లేదో, జనం కాళ్ళ మధ్య వెల్లకిలా పడున్న జోగులు కనిపించాడు, మీసం కింద పచ్చగా మామిడికాయతో.

ఊరు గగ్గోలెత్తింది. "దొంగ! పండగ ముందే తిన్నాడు!" లైకోన్ నా వైపు తిరిగాడు. "అయిపోయింది! ఎక్కించు జీపు!"

"ఆగండ్రా" అంది బుద్రి. వెళ్ళి జోగులు దవడలు రెండూ నొక్కి కాయ బయటికి లాగింది. కొంగుతో తుడిచింది. ఎండకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క పంటి గాటు లేదు.

"నిన్న పొద్దున్న పడింది, అవ్వా" అన్నాడు జోగులు, దవడ పట్టుకుని. "కొరకొద్దన్నారు. ముట్టొద్దన్నారు. మరి నేనేం చెయ్యను?"

బుద్రి ఊరి వైపు తిరిగింది. "మొన్న సంతలో ఉప్పూ కారం చల్లించుకుని మామిడి ముక్కలు నమిలిందెవరు? మన తాతల నాటి కట్టు మీలో ఎవరు నిలబెట్టారు? నువ్వా, లైకోనూ? నీ మీసానికి కారం అంటుకుని ఉంటే నేనే కదా తుడుచుకోమన్నాను!"

లైకోన్ నేల చూశాడు. ఆ పక్కవాళ్ళు ఆకాశం చూశారు. అమ్మవారికి పెట్టే మొదటి కాయ ఆ ఏడు జోగులు నోట్లోంచి తీసిందే కావాలని బుద్రి పట్టుబట్టింది గానీ, కడిగాకే పెట్టారు లెండి.

లైకోన్ లేచి, గొంతు సవరించుకుని, ముగ్గురి ముందూ నిలబడ్డాడు. "తప్పు మాది. ఇక మీరు ఎక్కడికీ కదలకండి. ఇక్కడే ఉండిపోండి!"

సన్యాసమ్మ ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోను. ఆనందంగా ఖాళీ జీపు దింపుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే బియ్యం బస్తాలు తీసుకుని వెళ్ళానా, ముగ్గురూ చెట్టు కింద అక్కడే, అడుగు కూడా జరక్కుండా నిలబడి ఉన్నారు. మంచుకి తడిసి ముద్దయ్యారు.

"ఇదేటయ్యా!" అన్నాను.

"కదలొద్దన్నారు కదా" అన్నాడు గవిరయ్య.

లైకోన్ పరుగెత్తుకొచ్చి, "ఒరే, ఇంటికి..." అన్నాడు. బుద్రి గభాల్న అతని నోరు మూసేసింది. "ఇంటికి పొమ్మంటే పాత ఇంటికనుకుని జీపెక్కి కిందకి పోతార్రా! ఇక నువ్వు మాట్లాడకు!"

ఏం చెప్పాలో ఊరికి తోచలేదు. ఏం చెప్పినా భయమే. ఉన్న ఇల్లు చూస్తే సగం పొయ్యిలోకే పోయింది. ఇంకేముంది, అందరూ కలిసి వెదుళ్ళు కొట్టుకొచ్చారు. మట్టి తొక్కారు. గడ్డి తెచ్చారు. ముగ్గుర్నీ అలాగే నిలబెట్టి, వాళ్ళ చుట్టూ ఇల్లు కట్టేశారు. సాయంత్రానికి కప్పు కూడా పడింది, గుమ్మం సరిగ్గా గవిరయ్య నిలబడ్డ చోటే వచ్చింది.

ఆఖర్న లైకోన్ పనసచెక్క తలుపు మోసుకొచ్చి గుమ్మానికి ఆనించబోయాడు.

"ఎందుకు బాబూ, దండగ" అన్నాడు గవిరయ్య, గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుంటూ. "ఆ తలుపు పొయ్యి దగ్గర పెట్టించండి. నిప్పు ఆరకూడదు కదా!"