గవరమ్మ పడుగు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల ఎక్కని కాలంలో, ఏటి ఒడ్డున ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో సాలెవీధి పక్కన ఒక పొడుగాటి బయలు. అది ఎవరి సొంతమూ కాదు, పట్నానిది. రోజూ పొద్దున్నే నేతగాళ్లు మగ్గానికెక్కించే పడుగు నూలును ఆ బయల్లో ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి కట్టేవారు. దానికి గంజి పట్టించేది గవరమ్మ. ఆమెకు మగ్గం లేదు, మాన్యం లేదు. గంజి కాచే కుండ, గంజి పూసే కుంచె, అంతే ఆస్తి. మొగుడు పోయిన నాటి నుంచి ఆ వీధిలో ఏ ఇంటికి వెళ్లినా ఆమెకు కంచం పెట్టేవారు.

ఒక వానాకాలం వరదొచ్చి ఏటి మీద వంతెన కొట్టుకుపోయింది. కొత్తది కట్టడానికి డబ్బు లేదు. ఏ నేల దేనికి ఉంచాలి, ఏ నేల అమ్మాలి అని పట్నం పెద్దలు కూర్చుని తేల్చారు. సంతబయలు సంతకే అన్నారు. మట్టిదిబ్బ కుమ్మర్లకే అన్నారు. సాలెవీధి బయలు మాత్రం ఊరికే పడి ఉంది, బెల్లం వర్తకుడికి అమ్మేద్దాం అన్నారు.

అయితే ఆ పట్నంలో ఒక కట్టుబాటు ఉంది. పట్నం నేల అమ్మాలంటే పెద్దలు మూడుసార్లు వెళ్లి చూడాలి. మూడుసార్లూ ఖాళీగా కనిపిస్తేనే అమ్మాలి.

మొదటిసారి డప్పు మోగింది. పెద్దలొస్తున్నారనగానే నేతగాళ్లు గబగబా పడుగులు చుట్టేసి, ఓ వారగా నిలబడి దండాలు పెట్టారు. పెద్దవాళ్లకు అడ్డంగా నూలు ఉంచడం మర్యాదా మరి? పెద్దలు చూశారు, ఖాళీ అన్నారు, వెళ్లారు. రెండోసారి డప్పు మోగింది. మళ్లీ చుట్టేశారు, మళ్లీ దండాలు పెట్టారు. పెద్దలు చూశారు, ఖాళీ అన్నారు, వెళ్లారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లేమో అడక్కపోగా, ఉన్నది కూడా చుట్టి చంకన పెట్టుకున్నారు.

బయలు పోతే మగ్గాలు విప్పుకుని మరో ఊరు పోవాల్సిందేనని వీధంతా ఏడ్చింది. ఈ ఇళ్లన్నీ లేచిపోతే గవరమ్మకింకెవరున్నారు?

మూడోసారి డప్పు మోగింది. నేతగాళ్లు అలవాటుగా పడుగులు చుట్టడానికి వంగారు. గవరమ్మ వెళ్లి పడుగు కట్టిన గుంజను పట్టుకుంది.

"చుట్టకండి నాయినా. తడి మీదుంది, అంటుకుపోతాది. ఆరనీండి."

పెద్దలొస్తున్నారే అత్తా అని వాళ్లు బతిమాలారు. ఆమె గుంజ వదల్లేదు.

పట్నం పెద్ద సింహాద్రినాయుడు వచ్చి, దారి తియ్యమన్నాడు. గవరమ్మ దండం పెట్టింది. అయినా దారి తియ్యకుండా చెప్పింది.

"బాబూ, రెండుసార్లూ తమకి మర్యాదకని చుట్టేసినాం. అందుకే తమకి ఖాళీగా అగుపడింది. రోజూ ఇలాగే ఉంటాది. ఆరేదాకా ఆగండి బాబూ."

పడుగును దాటకూడదని ఆ పట్నంలో పసిపిల్లలకూ తెలుసు. నాయుడికీ తెలుసు. చేసేది లేక పడుగు చుట్టూ తిరిగి వెళ్దామని బయలుదేరాడు. నడిచాడు, నడిచాడు, నడిచాడు. ఒక పడుగు అయితే ఇంకో పడుగు. తిరిగొచ్చేసరికి చెమటలు కారుతున్నాయి. కండువాతో ముఖం తుడుచుకోబోయి, ఆ కండువా వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"ఇది కూడా ఇక్కడ ఆరిందేనా?"

"మరెక్కడారతాది బాబూ?"

"ఇది ఖాళీ నేల కాదు" అన్నాడు నాయుడు, అందరికీ వినపడేలా.

మరి వంతెన? పెద్దలు తమ బళ్లు నిలుపుకునే దొడ్డిని వర్తకుడికి అమ్మి వంతెన కట్టించారు. ఆనాటి నుంచి వాళ్లు సభకు నడిచే వచ్చేవారు. ఒంటికీ మంచిదే అయింది.

కొన్నాళ్లకు గవరమ్మ పోయింది. కన్నబిడ్డలు లేని ఆమె పాడెను మోయడానికి సాలెవీధి మొత్తం భుజం పట్టింది. ఆమె పట్టుకున్న గుంజను తీయకుండా అలాగే ఉంచారు. ఇప్పటికీ కొత్త నూలు సాగదీసే ప్రతి ఇల్లూ కుంచెతో మొదటి పూత గంజి ఆ గుంజకు పూసి, నీ చలవే తల్లీ అంటుంది. పట్నంలో ఎవరైనా నేల గురించి తొందరపడితే, గవరమ్మ పడుగు ఆరనీండి అంటారు.

ఎంత గొప్పవాడొచ్చినా ఆ బయల్లో పడుగు చుట్టరు. దండం మాత్రం పెడతారు. పెట్టి, చుట్టూ తిరిగి రమ్మంటారు.