రాడార్ మీద నలుపు

నీలవేణికి ఆ రోజు ఆఖరి పరీక్ష. నెగ్గితే విమానానికి కెప్టెన్, భుజం మీది మూడు గీతలు నాలుగవుతాయి. నాలుగు గీతల పట్టీలు ముందే కొని సంచిలో పెట్టుకుంది. బొబ్బిలిలో వాళ్ళ నాన్నయితే ఇంకా ముందే వీధి వీధంతా చాటేశాడు. రాడార్ చూడడంలో తనంత దిట్ట ఇంకొకరు లేరని ఆ పిల్లకి కాస్త నమ్మకం ఎక్కువే. ఉండాలి లెండి, లేకపోతే కెప్టెన్ సీట్లో కూర్చోలేరు.

పరీక్ష పెట్టేది మస్తాన్ వలీ గారు. ప్రొద్దుటూరాయన. మా పైలట్లలో సగం మందికి విమానం నడపడం నేర్పింది ఆయనే. పాఠం చెప్పండి సార్ అంటే నవ్వి ఊరుకుంటారు. పరీక్ష రోజున కుడి సీట్లో కో-పైలట్‌గా కూర్చుని, ఎడమ సీట్లో వాళ్ళు చెప్పిన పని చేస్తారు, అడిగినదానికి జవాబిస్తారు. అంతే. తనంతట తాను అడ్డుపడ్డారా, ఆ పరీక్ష పోయినట్టే. అందుకే పరీక్షకెళ్ళిన ప్రతివాడూ ఆకాశం కంటే ఆయన చేతుల్నే ఎక్కువ చూస్తాడు.

రాయపూర్ నుంచి హైదరాబాదు. మే నెల, సాయంత్రం పూట. సగం దారి దాటేసరికి ఎదురుగా మబ్బు లేచింది. అడుగున నల్లగా, పైన కాస్త ఆకుపచ్చ తిరిగి ఉంది. ఆ రంగు చూస్తే మాకెవరికీ వేరే చెప్పక్కర్లేదు. వడగళ్ళ మబ్బు.

నీలవేణి అందరినీ బెల్టులు పెట్టుకోమంది. రాడార్ తెర చూసింది. రాడార్ ఒక అల పంపుతుంది, అది నీళ్ళకి తగిలి తిరిగొస్తుంది. వాన జోరుగా ఉంటే ఎరుపు, ఏమీ తిరిగి రాకపోతే నలుపు. ముందర పెద్ద ఎర్రముద్ద. దాని వెనక మాత్రం శుభ్రంగా నలుపు, తిన్నగా హైదరాబాదు దాకా.

ఎడమకి దూరంగా చుట్టి వెళ్ళవచ్చు. కానీ అలా వెళితే హైదరాబాదుకి ఇంధనం చాలదు, విజయవాడలో దిగాలి. వెనక డెబ్బైమంది దాకా ఉన్నారు, వాళ్ళందరి తిట్లూ తినాలి. అసలు అక్కర్లేకుండా వేరే ఊళ్ళో దించితే పరీక్షలో అదొక తప్పు. కుడివైపు ఎర్రముద్ద అంచుని రాసుకుంటూ పోయి, వెనక నల్లటి చోటులోకి దూరితే ఠంచనుగా ఇల్లు చేరతారు.

"కంట్రోల్ వాళ్ళని కుడికి పది డిగ్రీలు అడగండి సార్. దాటితే అంతా ఖాళీ" అంది.

వలీ గారు రేడియో మీట నొక్కలేదు. చెయ్యి ఎత్తారు. అరచెయ్యి తెచ్చి ఆమె మొహానికి అడ్డంగా పెట్టారు.

అయిపోయింది, ఇన్నేళ్ళ కష్టం గంగలో కలిసిపోయింది అనుకుంది నీలవేణి. ఏడుపు వచ్చినంత పనైంది, ఆపైన కోపం కూడా వచ్చింది.

"నా చెయ్యెనక ఏముందమ్మా?" అన్నారాయన.

"ఏమీ కనబడట్లేదు సార్."

"నేనడిగింది అది గాదు."

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. విమానం తన దారిన తాను ఎర్రముద్ద మీదికి పోతూనే ఉంది.

నీలవేణి మళ్ళీ తెర చూసింది. అదే నలుపు. ముందున్న వాన అలనంతా మింగేస్తే, వెనకున్నదాని కబురు తెచ్చేదెవరు? ఆ ముక్క ఆమె చదువుకున్నదే, జూనియర్లకి చెప్పిందే. ఇల్లు చేరే తొందరలో నలుపు కాస్తా ఖాళీ అయి కూర్చుంది. పెరట్లో పడితే పిల్లలు ఏరుకుని తినే వడగల్లే, విమానం ఆ వేగాన ఎదురెళితే ముందు అద్దం బద్దలు కొడుతుంది, ఇంజన్లోకి దూరి దాన్ని ఆర్పేస్తుంది.

వలీ గారి వైపు చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అవునని గానీ కాదని గానీ అనే రకం కాదు.

"ఎడమకి అడగండి సార్. బాగా దూరంగా. విజయవాడ దిగుదాం" అంది.

ఆయన వెంటనే అడిగారు. విమానం ఎడమకి ఒరిగింది.

అంత దూరంగా తిరిగినా మబ్బు ఊరుకోలేదు. ఎండ కాస్తున్న చోటే ఠప్పుమని ఒక రాయి ముక్కుకి తగిలింది. వెంటనే కిటికీ పక్కన ఇంకొకటి. వెనక ఎవరో పసిబిడ్డ ఏడుపందుకుంది. నీలవేణి ఇంజన్ మీటర్ల ముళ్ళే చూస్తూ కూర్చుంది. అవి కదల్లేదు. ఆ రెండింటితో సరి.

అప్పుడు పక్కనుంచి రాడార్ తెరకి మబ్బు వెనక భాగం అందింది. ఇందాకటి నల్లటి చోటు అంచు నుంచి మెల్లగా ఎర్రబడడం మొదలెట్టింది. చూస్తుండగానే ఒక ముద్దయింది, మొదటిదానికి రెండింతలు. తను దూరదామనుకున్నది సరిగ్గా దాని నడుమకే. నీలవేణి ఆయన వైపు తిరగలేదు. తిరగడానికి మొహం చెల్లలేదు.

విజయవాడలో దిగారు. జనం సణుక్కుంటూనే లేచారు. పెళ్ళికి అందుకోలేనని ఒకాయన తలుపు దగ్గర నీలవేణిని తూర్పారబట్టి మరీ దిగాడు. ఆమె చేతులు జోడించింది.

అందరికంటే ముందు కిందికి పోయి వలీ గారు విమానం ముక్కు దగ్గర నిలబడి ఉన్నారు. నీలవేణి వెళ్ళి చూసింది. వడగల్లు తగిలిన చోట బొటనవేలు పట్టేంత సొట్ట. దూరంగా తిరిగితేనే ఇది. ఆమె ఆ సొట్ట మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

చివరికి అడిగింది.

"నా పరీక్ష పోయినట్టేనా సార్?"

వలీ గారు మెట్ల వైపు చూస్తున్నారు. ఇందాక ఏడ్చిన పసిబిడ్డని చంకనేసుకుని వాళ్ళమ్మ అందరికంటే ఆఖరున ఒక్కో మెట్టూ జాగ్రత్తగా దిగుతోంది. ఆమె నేల మీద కాలు పెట్టేదాకా ఆయన పలకలేదు.

"పోయింది పరీక్షే గదమ్మా" అన్నారు.