బీరవ్వ తెల్ల ముడి

అనగనగా, కొండలు ఇంకా ఒకచోట కుదురుగా కూర్చోవడం నేర్చుకోని కాలం. పొద్దున్నే గొర్రెలతోపాటు అవీ మేతకు పోయేవి, సందెవేళకు తిరిగొచ్చేవి. మా నాయనమ్మకు నాయనమ్మ కళ్ళారా చూసింది. నమ్మకపోతే వెళ్ళి ఆమెనే అడగండి.

ఆ కొండల నడుమ ఒక కురుమపల్లె. ఇళ్ళు ముప్పై, గొర్రెలు మూడు లక్షలు. అవి ఒక్కసారి తుమ్మితే పక్క ఊళ్ళో పెంకులు ఎగిరేవి. ఒక్కసారి నీళ్ళు తాగితే ఏరు భయపడి వెనక్కి నడిచేది. ఇంత సంపద ఉన్న పల్లెలో ఒక్కదానికే కరువు. పసిపిల్ల ఏడుపుకి. పదిళ్ళు తిరిగితే ఒక ఊయల కనబడేది.

ఆ పల్లెకు కోడలుగా వచ్చింది బీరవ్వ. ఆస్తి ఏమీ లేదు, ఉన్ని వడికే కదురు ఒక్కటే. ఆ కదురు తిప్పిందంటే గాలికే తల తిరిగేది. ఒక్క గొర్రె ఉన్నితో దారం తీస్తే చందమామకు మూడు చుట్లు చుట్టగా ముడి వేయడానికి కూడా మిగిలేది. మగడు ఐలయ్య మంచోడే గాని, అతని నోట్లోంచి ఒక మాట రావాలంటే ముందురోజు కబురు పెట్టాలి. అత్త సాయవ్వకు ఏ కబురూ అక్కర్లేదు. ఆమె దగ్గితే చాలు, మూడు లక్షల గొర్రెలూ లేచి నిలబడేవి.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. గొర్రెలు ఈనే కాలం రాగానే కడుపుతో ఉన్న కోడళ్ళను దొడ్డిలోకి పిలిచేవాళ్ళు. "చూలాలి చెయ్యి పడితే ఈత సులువు, మంద రెండింతలు" అనేవాళ్ళు. నుదుట బొట్టు పెట్టి, కొత్త రైక ఇచ్చి మరీ పిలిచేవాళ్ళు. కోడళ్ళు మురిసిపోయి వెళ్ళేవాళ్ళు. గొర్రె కడుపులోంచి పిల్లను లాగడం, మాయ తీసి పారేయడం, తడిపిల్లను కొంగుతో తుడవడం, అన్నీ వాళ్ళే. గొర్రె ఈసుకపోతే, అంటే నెలలు నిండకుండానే పిల్లను జారవిడిస్తే, ఆ చచ్చిన పిల్లను ఎత్తి పూడ్చేదీ వాళ్ళే.

బీరవ్వకు తొలి కడుపు వచ్చింది. బొట్టు పెట్టారు. రైక ఇచ్చారు. దొడ్డిలోకి వెళ్ళింది. నెల తిరక్కుండా కడుపు పోయింది.

"దిష్టి తగిలింది" అంది సాయవ్వ.

బీరవ్వ ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే ఎండిన బావిలో కప్పలు వానొచ్చిందని మేలుకున్నాయి. తర్వాత లేచి, నల్ల ఉన్నితో ఒక తాడు పేని, దానికి ఒక ముడి వేసింది.

రెండో కడుపు వచ్చింది. బొట్టు పెట్టారు. రైక ఇచ్చారు. దొడ్డిలోకి వెళ్ళింది. ఆ కడుపూ పోయింది.

"నీ అడుగు మంచిది కాదు" అంది సాయవ్వ.

బీరవ్వ ఏడ్చింది. రెండో ముడి వేసింది.

మూడో కడుపు వచ్చింది. బొట్టు, రైక, దొడ్డి. మూడోదీ పోయింది. ఈసారి సాయవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"చిల్లుకుండల ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం? మా ఐలయ్యకు ఇంకో పిల్లను చూస్త!"

బీరవ్వ మూడో ముడి పళ్ళతో బిగించింది. ఈసారి ఏడవలేదు.

"అత్తా, ఒక మాటడుగుత. మన మందల గొర్రె ఈసుకపోతే ఏం జేస్తరు?"

"ఏం జేస్తం? ఏం గడ్డి మేసిందో చూస్తం. ఏం నీళ్ళు తాగిందో చూస్తం. ఏ పొట్టేలు దాటిందో చూస్తం."

"గొర్రెను తిడతరా?"

"గొర్రెను తిడితే ఏమొస్తదే పిచ్చిపొల్లా?"

"మరి నన్నెందుకు తిడుతున్నవ్? గొర్రెకున్నపాటి మర్యాద నాకు లేదా? నా గడ్డి చూసినవా? నా నీళ్ళు చూసినవా?" అంటూ ఐలయ్య వైపు తిరిగింది. "పొట్టేలును చూసినవా?"

అరుగు మీద కూర్చున్న ఐలయ్య చేతిలోంచి అంబలి ముంత జారింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నవ్విన నవ్వుకు ఒక కొండ దారి తప్పి వేరే ఊరికి పోయింది. ఇప్పటికీ తిరిగి రాలేదు.

సాయవ్వ నడుం మీది చేతులు దించింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అప్పుడు అంది:

"వచ్చే ఈతల దాకా చూస్త. అందాక కారణం దొరికితే సరే. దొరకకుంటే నీ కదురు పట్టుకొని నీ తల్లిగారింటికి నడువు."

"బిడ్డ దొరికితే బిడ్డ, లేకుంటే కారణం. రెండిట్ల ఒకటి పట్టుకోకుండ ఈ గడప దిగ" అంది బీరవ్వ.

ముందు గడ్డి చూసింది. బొప్పాయి మానెయ్యమన్నారు, మానేసింది. నువ్వులు మానెయ్యమన్నారు, మానేసింది. ఎదురింటామె వంకాయ వద్దంది, పక్కింటామె వంకాయ తప్ప ఏదీ వద్దంది. అందరి మాటా వింటే చివరికి ఉప్పూ గాలీ మిగిలాయి. అప్పుడు ఏటి అవతలి కుమ్మరిపల్లెకు వెళ్ళి చూసింది. అక్కడివాళ్ళు అన్నీ తింటున్నారు. ఇంటింటా ఊయల ఊగుతోంది. "గడ్డి కాదు" అనుకుంది.

తర్వాత నీళ్ళు చూసింది. ఏడు చెలమల నీళ్ళు ఏడు కుండల్లో మోసుకొచ్చి, మార్చి మార్చి తాగింది. ఆ నడకకు మెడ మూరెడు లోపలికి దిగిపోయింది. మళ్ళీ కుమ్మరిపల్లె వాళ్ళను అడిగితే, వాళ్ళు తాగేదీ ఈ ఏటి నీళ్ళే. "నీళ్ళు కాదు" అనుకుంది.

ఇక మిగిలింది పొట్టేలు. ఐలయ్య చెయ్యి పట్టుకుని మంత్రసాని నర్సవ్వ దగ్గరకు లాక్కుపోయింది.

"మగోళ్ళను చూసుడు నాకు అలవాటు లేదే" అంది నర్సవ్వ.

"ఇయ్యాల మొదలుపెట్టు పెద్దమ్మా!"

నర్సవ్వ అతని నాలుక చూసింది. కళ్ళు చూసింది. మూడుసార్లు ఎగిరి దూకమంది. కల్లు మానమంది. ఐలయ్య కల్లు మానేశాడు. తాగేవాడు లేక కుండలు పొంగి, ఊరి తాటివనం కింద చీమలు మూడు నెలలు తూలుకుంటూ తిరిగాయి. చివరికి నర్సవ్వ అంది:

"ఒక్కతే పోగొట్టుకుంటే పొట్టేలును అనుమానించొచ్చు బిడ్డా. పల్లెల సగం మందికి పోతున్నయ్. అందరికీ ఐలయ్యే మగడా?"

బీరవ్వ నవ్వింది. నవ్వుతూనే నిలబడిపోయింది.

"సగం మందికా? నాకెవ్వరూ చెప్పలే!"

"నువ్వు ఎవరికి చెప్పినవ్?" అంది నర్సవ్వ.

అప్పుడు బీరవ్వ తన నల్ల తాడు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరింది. "ఇవి నా మూడు ముళ్ళు. నీవి ఏమన్న ఉంటే వెయ్యి" అనేది. కొందరు తలుపేసుకున్నారు. కొందరు తిట్టారు. కొందరు తాడు తీసుకుని ముడి వేసి, మొహం తిప్పుకుని తిరిగిచ్చారు. తాడు చాలలేదు. మళ్ళీ పేనింది, మళ్ళీ చాలలేదు. పల్లె చుట్టూ మూడుసార్లు తిరిగేంత తాడైంది.

ఆఖరికి సొంత ఇంటికి వచ్చింది. సాయవ్వ జొన్నలు విసురుతోంది.

"అత్తా, నీ ముడి?"

"నాకేం ముడే? బంగారమసోంటి కొడుకును కన్న."

విసుర్రాయి ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టుకు ఆగింది. సాయవ్వ పిండి చేతులతోనే తాడు అందుకుని రెండు ముళ్ళు వేసింది.

"ఐలయ్యకు ముందు ఇద్దరు. ఎవ్వరికీ చెప్పలే."

బీరవ్వ పక్కన కూర్చుంది. "మరి ఐలయ్య ఎట్ల నిలిచిండత్తా?"

"ఏమో బిడ్డా. అది పెద్ద కరువు. తిననీకి లేదు, తాగనీకి లేదు. మందకు మంద చచ్చింది. అయినా వీడు నిలిచిండు. వీడే కాదు, ఆ ఏడు పల్లెల ఒక్క కడుపు పోలే. ఐలయ్య ఈడోళ్ళు పదకొండు మంది."

బీరవ్వ తాడును గుప్పిట్లో బిగించింది.

"గడ్డి లేని ఏడు నిలిచినయ్. నీళ్ళు లేని ఏడు నిలిచినయ్. ఆ ఏడు ఇంకేం లేదత్తా?"

"చెప్పిన కదనే, మంద లేదు. మంద లేకుంటే ఈతలేడివి?"

"అంటే చూలాళ్ళెవ్వరూ దొడ్డిలకు పోలే."

సాయవ్వ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. కోడలి చేతుల వైపు చూసింది. ఎన్ని మాయలు తీసిన చేతులు అవి! ఈసుకపోయిన గొర్రెల మాయలు ఎన్ని! గొర్రె కడుపును దించిన తెగులే ఈ చేతులకంటి తమ కడుపులకూ చేరిందన్నమాట! ఆ పూట ఇంట్లో జొన్నరొట్టె కాలలేదు.

మళ్ళీ ఈతల కాలం వచ్చింది. ఆ ఏడు కడుపుతో ఉన్నది ముగ్గురు. కొమురవ్వ, పోశవ్వ, బీరవ్వ. బొట్టు వచ్చింది. రైక వచ్చింది. బీరవ్వ తన గొంగడి తెచ్చి దొడ్డి వాకిలికి అడ్డంగా పరిచి, దాని మీద కూర్చుంది.

"కడుపుతోటి ఉన్నోళ్ళు దీన్ని దాటొద్దు."

కులపెద్ద కర్ర నేలకేసి కొట్టాడు. "తాతల నాటి ఆచారం! మంద నాశనమైతే ఎవరు దిక్కు?"

"తాతా, మంద నాశనమైన ఏడే నీ కొడుకు పుట్టిండు. ఆ ఏడు లెక్క మందా బిడ్డా రెండిట్ల ఒక్కటే దక్కాలంటే, ఏది కావాలె నీకు?"

"మరి గొర్రెపిల్లలను ఎవరు లాగాలె?"

వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే ఐలయ్య.

"నేను లాగుత" అన్నాడు.

ముందురోజు ఎవరూ కబురు పెట్టలేదు మరి! ఆ ఆశ్చర్యంతో మగాళ్ళందరూ అతని వెంట దొడ్డిలోకి నడిచారు. ఇక చూడాలి. బీరవ్వ గొంగడి మీదినుంచి "తల కాదు, ముందు కాళ్ళు పట్టు!" అని అరుస్తుంటే, లోపల ఒకడు మాయను చూసి పడిపోయాడు, వాణ్ణి చూసి ఇంకొకడు పడిపోయాడు. గొర్రెలే జాలిపడి, వాటంతట అవే ఈనడం మొదలుపెట్టాయి. మంద ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు బీరవ్వకు కవలలు పుట్టారని చెబుతాననే కదా చూస్తున్నారు? కొండల్ని నడిపించినదాన్ని నాకు అదేం కష్టం! కానీ ఈ ఒక్కచోట గోరంత కూడా కలపను. బీరవ్వ కడుపు నాలుగో నెలలో పోయింది. గొర్రెను ముట్టలేదు. దొడ్డి గడప తొక్కలేదు. అయినా పోయింది.

సాయవ్వ గుడిసెలోకి వచ్చింది. బీరవ్వ గోడకు తిరిగి పడుకుని ఉంది.

"అత్తా, ఇది ఎందుకో నాకు తెల్వదు."

సాయవ్వ చూరులోంచి ఇంత తెల్ల ఉన్ని తీసింది. తొడ మీద పేనింది. నల్ల తాడు చివర తెల్ల ముడి వేసింది.

"తెలిసినదానికి నల్ల ముడి. తెల్వనిదానికి తెల్ల ముడి. తెల్వనంతమాత్రాన అది నీ తప్పు కాదు బిడ్డా."

బయట కులపెద్ద అరుస్తున్నాడు. "చూసిన్రా? దొడ్డికి పోకున్నా పోయింది! ఆమె తాడు అబద్ధం. పిలువుండ్రి కొమురవ్వను, పిలువుండ్రి పోశవ్వను!"

జనం దొడ్డి దగ్గరకు వచ్చేసరికి బీరవ్వ గొంగడి మీద సాయవ్వ కూర్చుని ఉంది.

"గొర్రెను తిట్టనోళ్ళు నా కోడలిని తిట్టకుండ్రి. ఆ ఇద్దరిని లోపలికి తోలాలంటే నా మీదికెల్లి తోలుండ్రి."

ఒక్కసారి దగ్గింది. మూడు లక్షల గొర్రెలూ లేచి నిలబడ్డాయి. కులపెద్ద కర్ర చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు.

మూడోనాటికి బీరవ్వ గోడకు చెయ్యి ఆనించుకుంటూ వచ్చింది. సాయవ్వ కాస్త జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకే గొంగడి మీద ఈతలు అయిపోయేదాకా కూర్చున్నారు.

నెలలు నిండి కొమురవ్వకు కొడుకు పుట్టాడు. పోశవ్వకు కూతురు పుట్టింది. ఆ ఇద్దరు పసికందులూ ఏడ్చిన ఏడుపుకు తప్పిపోయిన కొండ సగం దూరం వెనక్కి వచ్చిందట. మరుసటి ఏడు పల్లెలో ఐదు ఊయలలు, ఆ పై ఏడు తొమ్మిది. బీరవ్వ కడుపు మాత్రం మళ్ళీ పండలేదు. అయినా ప్రతి ఈతల కాలానికీ గొంగడి తెచ్చి వాకిలికి అడ్డంగా పరిచేది. నూటముప్పై ఏళ్ళు బతికి, ఆ గొంగడి మీదే కన్నుమూసింది. పాడె మోయడానికి పల్లెకు పల్లె పోటీ పడింది. మోసినవాళ్ళలో ఆమె కన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె లేకపోతే పుట్టేవాళ్ళూ ఒక్కరూ లేరు.

అప్పటినుంచి ఆ కొండల్లో గొర్రెలు ఈనే కాలానికి దొడ్డి వాకిట్లో గొంగడి పరుస్తారు. చూలాళ్ళు దాని మీద కూర్చుని పెత్తనం చేస్తారు, లోపల మగాళ్ళు చెమటలు కక్కుతారు. ఏ ఆడపిల్లకైనా కడుపు పోతే, "ఏం తిన్నవ్, ఎక్కడ తొక్కినవ్" అని ఎవరూ అడగరు. ముందుగా అత్త వచ్చి మణికట్టుకు తెల్ల ఉన్ని కట్టి పక్కన కూర్చుంటుంది. తర్వాత లేచి కారణం వెతకడానికి బయల్దేరతారు. వైద్యుడి దగ్గరకైనా సరే, ఆసుపత్రికైనా సరే, ఆ పిల్లను ఒంటరిగా పంపరు. మగడు అరుగు మీద కూర్చుని దిక్కులు చూస్తుంటే ఎవరో ఒక ముసల్ది కేకేస్తుంది:

"గడ్డి చూస్తిరి, నీళ్ళు చూస్తిరి. ఏదీ, పొట్టేలును గూడ తోలుకపోండ్రి!"

కథ దొడ్డికి చేరింది. మీరిక బువ్వకు లేవండి.