ఎడమవైపు జబ్బు, కుడివైపు సోకు

సుభాషిణమ్మగారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఏలూరులో ఆవిడ వేదాంత పాఠానికి వచ్చేవారందరికీ ఆ సంగతి తెలుసు. ఒక గురువారం కాలేజీ లెక్చరరు ఉమాకాంత్ లేచి అడిగాడు.

"అమ్మా, తనంత తానుగా వచ్చిన బాధకు జాలిపడతాం. సోకు కోసం కోరి తెచ్చుకున్న బాధకు కూడా జాలిపడాలా?"

ఆవిడ తన చెల్లెలు నీరజ సంగతి చెప్పారు.

నీరజ విజయవాడలో పెళ్లిళ్లకూ సభలకూ యాంకరింగ్ చేసేది. ముప్ఫయ్యో ఏట రొమ్ముల్లో సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకుంది. పదమూడేళ్లు బాగానే గడిచాయి. తర్వాత రెండువైపులా గట్టిపడి, పక్కకు ఒత్తిగిలి పడుకోవాలన్నా ప్రాణం పోయేంత నొప్పి పట్టుకుంది. స్కానింగులో ఎడమవైపుది చిరిగిందని తేలింది. రెండూ తీసెయ్యాల్సిందే అన్నాడు డాక్టరు.

అందం కోసం చేయించుకున్నదానికి పాలసీ వర్తించదని ఇన్సూరెన్సు వాళ్లు మొదటే చెప్పేశారు. లోపల చిరిగిపోయింది అందమెలా అవుతుందని నీరజ ఉత్తరం రాసింది. ఫారం నింపమన్నారు. నింపితే పాత ఆపరేషన్ కాగితాలు కావాలన్నారు. వెతికి తెస్తే, అప్పట్లో ఎందుకు పెట్టించుకున్నారో రాసిమ్మన్నారు. రాసిస్తే, అదే మాట ఇంకొకాయన ఫోన్ చేసి మళ్లీ అడిగాడు. రెండు నెలలకు అనుమతి వచ్చింది, ఎడమవైపుకు మాత్రం. చిరిగింది గనుక అది జబ్బట. చిరగలేదు గనుక కుడివైపుది సోకట!

అక్కను వెంటబెట్టుకుని నీరజ వాళ్ల ఆఫీసుకు వెళ్లింది. "రెండువైపులా నొప్పే కదండీ" అంది. అక్కడి ఆఫీసరు కాగితం మీంచి తలెత్తకుండానే, "అసలు మీరు పెట్టించుకోకపోతే ఈ గొడవే లేదు కదమ్మా" అన్నాడు.

"బండి మీంచి పడి కాలు విరిగినవాణ్ణి, బండెందుకు కొన్నావని అడుగుతారా మీరు?" అని నీరజ అరిచింది. వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన మరో ఫారం చేతికిచ్చాడు.

ఇక ఆగలేక రెండూ తీయించుకుంది. తీరా చూస్తే కుడివైపుది కూడా చిరిగే ఉంది. స్కానింగుకు అందలేదంతే. డాక్టరు రిపోర్టు పంపితే, కుడివైపుకు ముందస్తు అనుమతి తీసుకోలేదు కాబట్టి కుదరదని జవాబొచ్చింది.

అప్పటికి నీరజ ఏలూరులో అక్క దగ్గరే ఉంది. రక్తపు నీరు బయటికి పోవడానికి రెండు పక్కలా పెట్టిన గొట్టాలు తీసి మూడు రోజులైంది. నెల్లాళ్లు చేతులు భుజం దాటి ఎత్తకూడదన్నారు. అన్నం కలిపి పెట్టడం, జడ వెయ్యడం అన్నీ అక్కే.

"ఆ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండిపోయింది" అన్నారు సుభాషిణమ్మగారు. "ఎవరి మీద మండాలో తెలియక, దాని జుట్టు చిక్కు తీస్తూ దాన్నే అడిగాను, ఎందుకు పెట్టించుకున్నావే అవి, అని. అది వెనక్కి తిరగలేదు. 'నువ్వూ ఫారం తెచ్చావా అక్కా?' అంది. అని ఏడ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి అంతెత్తు లేవలేదు. నేనే తుడిచాను."

పైవాళ్లకు ఫిర్యాదు చేస్తే అయిదు నెలలకు కుడివైపుకూ ఒప్పుకున్నారు. ఆ వేళకు నీరజ కోలుకుని, మళ్లీ మైకు పట్టుకుని స్టేజీల మీద నిలబడుతోంది.

ఉమాకాంత్ ఉండబట్టలేక, "ఇంతకీ ఎందుకు పెట్టించుకున్నారో చెప్పారా అమ్మా?" అన్నాడు.

"ఆ తర్వాత నేనడగలేదు నాయనా" అన్నారావిడ.